తొమ్మిది తప్పులు, ఒకే కారణం: తొమ్మిదో తరగతి బీజగణితంలో ఒక కేస్ స్టడీ

పన్నెండు లెక్కలిచ్చాను. ఒక అమ్మాయికి ఒప్పు ఒకటే వచ్చింది. పిల్లలకు సున్నాలు, ఒకట్లు రావడం మాకు కొత్తేమీ కాదు. అయితే ఈ కాగితం ఖాళీగా లేదు. పన్నెండు లెక్కలకూ జవాబులున్నాయి, కొట్టివేతల్లేవు, చేతిరాత ముత్యాల్లా ఉంది. ధీమాగా చేసి తప్పిన పేపరది. తెలియని పిల్లలు వదిలేస్తారు, లేదంటే పక్కవాళ్ళ కాగితంలోకి చూస్తారు. ఈ అమ్మాయి ఆ రెండూ చేయలేదు. అందుకే కట్టలోంచి ఆ కాగితాన్ని విడిగా తీసి పెట్టాను.

నేను పనిచేసేది కృష్ణా డెల్టాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడు దాకా తెలుగు మీడియం, ఎనిమిది నుంచి ఇంగ్లీష్ మీడియం. ఎక్కాలు ఇరవై దాకా గడగడా చెబుతుంది. నాన్న టైల్స్ మేస్త్రీ. నవంబరు రెండో వారంలో మొదలుపెట్టి ఫిబ్రవరి మొదటి వారం వరకు, వారానికి మూడు రోజులు, బడి వదిలాక అరగంట చొప్పున కూర్చున్నాం. మధ్యలో సంక్రాంతి సెలవులు, నా డ్యూటీలు, ఆమె జ్వరం పోగా 22 సార్లు కుదిరింది.

ఒక మాట ముందే చెబుతాను. ఈ రాతలో చరరాశులకు క, చ అని వాడుతున్నాను. పేపర్లో ఇచ్చింది ఎక్స్, వై లతోనే. క, చ లకు ఎందుకు మారామో తర్వాత చెబుతాను.

ఆ కాగితంలో ఏముందంటే

క³ × క⁴ కి క¹² రాసింది. 2క³ × 5క² కి 10క⁶. క⁸ ÷ క² కి క⁴. 3క² + 4క² కి 7క⁴. 6క⁵ − 2క³ కి 4క². ఇవి ఘాతాంకాల లెక్కలు, అంటే నెత్తి మీద చిన్న అంకెలవి. ద్విపదుల్లో, అంటే రెండేసి పదాల బ్రాకెట్లలో, (క + చ)² కి క² + చ², (క + 3)(క + 5) కి క² + 15, (2క + 1)(క + 6) కి 2క² + 6, (క − 4)² కి క² − 16. ఇవి కాక (3క²)² కి 3క⁴, 5⁰ కి 0 రాసింది. ఒప్పయిన ఆ ఒక్కటి (క³)⁴ = క¹².

మామూలుగా నేనైతే ఏం చేస్తాను? ఎర్ర పెన్నుతో ఒక్కో తప్పు పక్కన ఒక్కో సూత్రం రాస్తాను. భూములు సమానమైతే ఘాతాంకాలు కూడాలి, సజాతి పదాలైతే గుణకాలు కూడాలి, ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఇంత... అన్నీ రాసి, పదేసి సార్లు రాసుకురమ్మంటాను. పదిహేనేళ్ళుగా చేస్తున్నది అదే. ఈసారి ఎర్ర పెన్ను పక్కన పెట్టి అమ్మాయిని కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఈ రెండూ చూడమ్మా. క మూడు ఇంటూ క నాలుగుకీ పన్నెండే రాశావు, క మూడు మొత్తం మీద నాలుగుకీ పన్నెండే రాశావు. రెండూ ఒకటేనా?"

"రెండూ గుణకారమే కదా మేడం."

"మరి ఇక్కడ ఏడు క నాలుగు అన్నావేం?"

"ఇక్కడ ప్లస్ ఉంది కదండీ. అందుకని మూడూ నాలుగూ కూడాను, పైన రెండూ రెండూ కూడాను."

అప్పటికి నాకు తల తిరిగింది. ఈ అమ్మాయికి సూత్రాలు రాక కాదు. ఆమె దగ్గర ఓ సూత్రం ఉంది, తనే తయారు చేసుకుంది, దాన్ని ఎక్కడా తప్పకుండా పాటిస్తోంది: మధ్యలో ఏ గుర్తుంటే, జోడీ జోడీకీ అదే పని చెయ్యాలి. కింది అంకె కింది అంకెతో, పై అంకె పై అంకెతో, మొదటి పదం మొదటి పదంతో, చివరి పదం చివరిదానితో. 10క⁶ అలాగే వచ్చింది, క² + 15 కూడా అలాగే వచ్చింది. పదకొండు తప్పుల్లో తొమ్మిది ఆ ఒక్క సూత్రంతో సరిగ్గా కుదిరిపోయాయి. ఒప్పు అనుకున్న ఆ ఒక్క జవాబు కూడా అదే తప్పుడు సూత్రంతో వచ్చిందే. దానికి మార్కు వేసినందుకు కాస్త సిగ్గేసింది.

ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే ఆమెను తప్పు పట్టబుద్ధి కాదు. చాలాచోట్ల అది పనిచేస్తుంది. (కచ)² అంటే క²చ², నిజమే. భిన్నాల గుణకారంలో పైవి పైవాటితో, కిందివి కిందివాటితో, అదీ నిజమే. నిలువుగా రాసి కూడేటప్పుడు ఒకట్లు ఒకట్లతో, పదులు పదులతో. ఇన్ని చోట్ల నెగ్గిన సూత్రాన్ని ఏ పిల్ల మాత్రం వదులుకుంటుంది?

హోల్ స్క్వేర్ పాట

తప్పు నాదీ ఉంది. మా తరగతిలో సర్వసమీకరణాలు బృందగానంలా సాగుతాయి. "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఎ స్క్వేర్ ప్లస్ టూ ఎ బి ప్లస్ బి స్క్వేర్." అందరికంటే గట్టిగా వినిపించే గొంతు ఈ అమ్మాయిదే. అది గుర్తొచ్చి, "ఆ ఫార్ములా చెప్పు" అన్నాను. తడుముకోకుండా చెప్పింది. "మరి ఇక్కడ ఎందుకు వాడలేదు?" అంటే, నిజాయితీగా నా మొహంలోకి చూసి, "ఇందులో ఎ, బి లేవు కదా మేడం" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎ, బి అనేవి ఖాళీ డబ్బాల్లాంటివని, వాటిలో ఏదైనా పెట్టొచ్చని నేను ఎప్పుడో ఓసారి చెప్పే ఉంటాను. ఓసారి చెప్పింది పాటలో కొట్టుకుపోయింది.

ఎక్స్ విషయంలో ఇంకో గొడవ. తన నోట్సులో ఎక్స్ అక్షరాన్ని రెండు అడ్డగీతలుగా రాస్తుంది, గుణకారం గుర్తునూ అలాగే రాస్తుంది. వరసలో ఏది అక్షరమో, ఏది గుర్తో రెండు నిమిషాల తర్వాత తనకే తెలియడం లేదు. అందుకని కొన్నాళ్ళపాటు ఎక్స్, వై లను తీసేసి క, చ పెట్టాం. మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్ అని, పొట్టిగా 'యా' అని రాశాడు. రెండోది ఉంటే కాలకం, 'కా'. మూడోది నీలకం, 'నీ'. వర్గమైతే పక్కన 'వ', ఘనమైతే 'ఘ'. ఇది చెబితే అమ్మాయికి తెగ నచ్చింది. "అయితే ఎక్స్ అనే రాయక్కర్లేదా?" అంది. పరీక్షలో రాయాలమ్మా, ఇక్కడ అక్కర్లేదు అన్నాను. మొదటి రోజే "కచ" అని గుణకారం రాసి, "దేవయాని ఎక్కడ మేడం?" అని తనే నవ్వింది. బీజగణితం కాగితం ముందు నవ్వడం మొదటిసారి చూశాను.

మూట విప్పడం

ముందు ఘాతాంకాలు పట్టుకున్నాం. నెత్తి మీదున్న ఆ చిన్న అంకెను ఆమె మామూలు సంఖ్యలాగే చూస్తోంది. అది సంఖ్య కాదు, లెక్క: ఎన్నిసార్లు గుణించామో చెప్పే లెక్క. 'సార్లు' అన్న మాట చక్కగా ఉంది కదా అని, "క³ అంటే క మూడు సార్లు" అని చెప్పాను. అది పెద్ద పొరపాటు. మర్నాడు క + క + క కి క³ రాసుకొచ్చింది. మూడు సార్లు అంటే మూడు రెట్లు అని కదా తెలుగులో ఎవరైనా అనుకునేది! ఒక వారం ఆ గందరగోళంలోనే పోయింది. 'సార్లు' మానేసి, "క³ ఒక మూట. విప్పి చూపించు" అనడం మొదలుపెట్టాను. విప్పితే క × క × క. 3క కూడా మూటే, విప్పితే క + క + క. ఏ మూటలో ఏ గుర్తుతో కట్టారో చూడాలి. క స్థానంలో 5 పెడితే ఒకటి 125, ఇంకోటి 15.

'భూమి' అన్న మాటతోనూ ఇబ్బందే. త్రిభుజం అడుగు భుజాన్నీ భూమి అంటాం, ఘాతాంకం కింద ఉండేదాన్నీ భూమే అంటాం. "భూములు సమానమైతే" అనగానే ఆమె మనసులో త్రిభుజాలు మెదులుతున్నాయని రెండో వారంలో తెలిసింది. ఆ మాటను కూడా కొన్నాళ్ళు పక్కన పెట్టాం.

చదరంగం గింజల కథ బాగా పనికొచ్చింది. మొదటి గడిలో ఒక్క వడ్లగింజ, తర్వాతి గడిలో రెట్టింపు, ఆ తర్వాత మళ్ళీ రెట్టింపు. కాగితం మీద గళ్ళు గీసి గింజలు రాయమన్నాను. 1, 2, 4, 8, 16, 32, 64, 128. "మూడుసార్లు రెట్టించాక ఎక్కడున్నావు?" నాలుగో గడి, 8 గింజలు. "అక్కడి నుంచి ఇంకో నాలుగుసార్లు రెట్టించు." వేలు పెట్టి లెక్కబెట్టింది. ఎనిమిదో గడి, 128. "మొత్తం ఎన్నిసార్లు రెట్టించావు?" ఏడు. 2³ × 2⁴ అంటే అదే. ఆమె సూత్రం ప్రకారమైతే 2¹², అంటే 4096 గింజలు, పదమూడో గడిలో ఉండాలి. తన వేలు ఎనిమిదో గడి మీదుంది. కాసేపు వేలు తీయలేదు.

ఈ కథలోనే 5⁰ కూడా తెమిలిపోయింది. "మొదటి గడిలో ఎన్నిసార్లు రెట్టించాం?" ఒక్కసారి కూడా లేదు. "మరి గింజ ఉందా?" ఉంది, ఒకటి. 2⁰ = 1 అని రాసి, పక్కన 5⁰ = 1 అని తనే రాసుకుంది. భూమి మారినా మొదలు పెట్టేది ఒక్క గింజతోనే కదా అని కారణం కూడా చెప్పింది. దీన్ని ఇంతకు ముందు నేను భాగహారంతో నిరూపించి చూపించాను. బోర్డు మీద చక్కగా ఉంది, ఆమె తలకెక్కలేదు. చదరంగం బోర్డు నిండా గింజలు పోస్తే మొత్తం 2⁶⁴ − 1, ఇరవై అంకెల సంఖ్య. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ సంఖ్యను తెలుగు పద్యంలో బిగించాడని చెబితే, తెలుగు మేడం దగ్గరికి వెళ్ళి అడిగొచ్చింది.

క విలువ పది

ఇంక అసలు మందు. క స్థానంలో ఏదో ఒక సంఖ్య పెట్టి సరిచూసుకోవడం అందరికీ తెలిసిందే, పుస్తకంలోనూ ఉంటుంది. అయితే ఏ సంఖ్య పెట్టాలన్నది ఎవరూ చెప్పరు. పిల్లలు వెతుక్కునేవి 0, 1, 2. మూడూ పనికిరానివే. 1 పెడితే క³ కీ క¹² కీ తేడా ఉండదు. 2 పెడితే 2క, క² ఒకటే అవుతాయి. సున్నా పెడితే సగం లెక్క మాయమైపోతుంది.

మేం 10 పెట్టాం. క³ అంటే వెయ్యి, క⁴ అంటే పదివేలు. వెయ్యిని పదివేలతో గుణిస్తే కోటి. ఆమె రాసిన క¹² ఎంత? ఒకటి పక్కన పన్నెండు సున్నాలు పెట్టి, కుడి నుంచి కామాలు పెట్టుకుంటూ వచ్చి, లక్ష కోట్లు అని తేల్చింది. "కోటి రావాల్సిన చోట లక్ష కోట్లు రాశానా!" అంటూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. నేనేం దిద్దలేదు. ఆ రోజు తర్వాత ఘాతాంకాలను గుణించడం నాకు కనిపించలేదు. (క³)⁴ అయితే నిజంగానే లక్ష కోట్లు. వెయ్యిని వెయ్యితో అలా నాలుగు వెయ్యిలను గుణించుకుంటూ పోతే అంతే వస్తుంది. రెండు లెక్కలకూ తేడా అప్పుడు మాట్లాడుకున్నాం, అంతకుముందు కాదు.

3క² + 4క² కూడా ఇలాగే. మూడు వందలూ నాలుగు వందలూ కలిస్తే ఏడు వందలు. డెబ్బై వేలు కాదు. సజాతి పదాలు అన్న మాట ఆమెకు అప్పటిదాకా ఉత్త పదమే. వందలను వందలతో కూడతాం, వేలతో కూడం అనేసరికి అర్థమైంది. 6క⁵ − 2క³ ని చూసి, "ఇది ఇంతే మేడం, ఇంకేం చేయలేం, ఆరు లక్షల్లోంచి రెండు వేలు" అంది. నిజమే, క ఉమ్మడిగా తీసి రాయడం వేరే కథ. ఇక్కడ ఆగడం తెలియడమే పెద్ద సంగతి. ఎక్కడో అక్కడ ఒక్క పదం మిగిలేదాకా కలిపేస్తేగానీ చాలామంది పిల్లలకు లెక్క అయినట్టుండదు.

గది పెంచితే ఎన్ని టైల్స్?

ద్విపదులకు వచ్చేసరికి డిసెంబరు. (క + 3)(క + 5) ని నేరుగా 13 × 15 చేశాం. నిలువుగా రాసి గుణించమన్నాను. ఐదు పదమూళ్ళు 65, కింద ఒక స్థానం జరిపి 13, మొత్తం 195. "నీ క² + 15 ప్రకారం ఎంత?" 115. ఎనభై తక్కువ.

"ఇప్పుడు నువ్వు చేసిన గుణకారంలో ఎన్ని చిన్న గుణకారాలున్నాయి?" అని అడిగితే రెండు అంది. ఐదు పదమూళ్ళను విడదీస్తే ఐదు మూళ్ళు, ఐదు పదులు. కింది వరస పది మూళ్ళు, పది పదులు. నాలుగు. మూడో తరగతి నుంచి ఈ నాలుగూ తను చేస్తూనే ఉంది. 10 × 10, 3 × 5 మాత్రమే చేసి ఊరుకోవడం ఎప్పుడూ లేదు. "మరి ఇక్కడెందుకు రెండే చేశావు?" అంటే జవాబు లేదు. నాకూ లేదు. బ్రాకెట్లు కనబడగానే పిల్లలు వేరే లోకంలోకి వెళ్ళిపోతారేమో!

మర్నాడు టైల్స్ లెక్క పెట్టాను. "పది అడుగుల చదరపు గది. రెండడుగుల టైల్ అయితే ఎన్ని పడతాయి?" వరసకు ఐదు, మొత్తం ఇరవై ఐదు అని వెంటనే చెప్పింది, నాన్నతో సైటుకు వెళ్తుందట. "గదిని రెండు వైపులా రెండేసి అడుగులు పెంచితే?" పన్నెండడుగులు, వరసకు ఆరు, ముప్పై ఆరు. "నీ సూత్రం ప్రకారం ఐదు వర్గం ప్లస్ ఒకటి వర్గం. ఇరవై ఆరు టైల్స్ తెప్పిస్తే?"

"నాన్న తిడతాడు."

"పది ఎక్కడ తక్కువయ్యాయి?"

గీసింది. పాత గది మూలన, మూలకు మూలగా ఒక్క టైల్. మధ్యలో రెండు పొడుగాటి పట్టీలు ఖాళీ. ఒక్కోటి ఐదు టైల్స్. "ఈ రెండు పట్టీలూ వదిలేసి మూలొకటి వేశానండి" అంది. 2కచ అంటే ఆ రెండు పట్టీలే. హోల్ స్క్వేర్ పాటలో మధ్యలో వచ్చే 'టూ ఎ బి' ఎవరో ఆమెకు ఆ రోజు తెలిసింది.

పాత పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరించి క × క చతురస్రాలు, క × 1 పట్టీలు, 1 × 1 ముక్కలు చేశాం. (2క + 1)(క + 6) ని నేల మీద పేర్చింది: రెండు పెద్దవి, పదమూడు పట్టీలు, ఆరు ముక్కలు. 2క² + 13క + 6. పది పెట్టి చూస్తే 21 × 16 = 336, ఇటు 200 + 130 + 6. వారం రోజులు ఇదే ఆట.

మైనస్ దగ్గర ఈ అట్టలు చతికిలబడ్డాయి. (క − 4)² కి గదిని తగ్గించి చూపించాను. పదడుగుల గదిలో రెండు వైపులా నాలుగేసి అడుగులు కొట్టేస్తే ఆరడుగుల గది, 36. వందలోంచి నలభై, మళ్ళీ నలభై తీస్తే ఇరవై. మూలన పదహారు రెండుసార్లు తీసేశాం కనుక ఒకసారి తిరిగి ఇవ్వాలి. నేను ముచ్చటగా చెప్పాను, ఆమె తల ఊపింది. మర్నాడు (క + 2)(క − 7) ఇస్తే అట్టముక్క చేతిలో పట్టుకుని, "మైనస్ పట్టీ ఎలా పరవాలి మేడం?" అని అడిగింది. సమాధానం లేదు. ఎర్ర అట్టలు మైనస్ అని ఏదో ప్రయత్నించాను, ఇద్దరికీ గజిబిజి అయింది. బొమ్మకు ఒక హద్దుంటుంది. అక్కడ దాన్ని వదిలేయాలి. ఆ రోజు నేను వదల్లేదు, రెండు క్లాసులు వృథా.

చివరికి నాలుగు గళ్ళ పెట్టె గీసుకున్నాం. పైన క, +2. పక్కన క, −7. గడికో గుణకారం: క², 2క, −7క, −14. కలిపితే క² − 5క − 14. పది పెడితే 12 × 3 = 36, ఇటు 100 − 50 − 14 = 36. ఇక్కడ వైశాల్యం లేదు, టైల్స్ లేవు, విభాగ న్యాయం ఒక్కటే ఉంది, అంటే ఇటు ప్రతి పదాన్నీ అటు ప్రతి పదంతో గుణించి కూడటం. గడి ఖాళీగా ఉంటే కంటికి కొడుతుంది, అదే దీని లాభం. మూడు పదాల త్రిపది వచ్చినా ఆరు గళ్ళు గీస్తే సరి. (క + 3)(క² − 2క + 4) ని ఎవరూ చెప్పకుండా మూడు గళ్ళు, రెండు వరసలు గీసి క³ + క² − 2క + 12 అని చేసింది.

ముగ్గు, ఆ తర్వాత ఒక ఎదురుదెబ్బ

సంక్రాంతి సెలవుల తర్వాత నోట్సులో ఒక ముగ్గు గీసుకొచ్చింది. నిరుడు వాకిట్లో 11 చుక్కలు 11 వరసలు పెట్టారట, ఈసారి 13 చుక్కలు 13 వరసలు. "చుక్కలు ఎన్ని పెరిగాయో పెట్టకముందే అమ్మకు చెప్పాను. రెండు పట్టీలు ఇరవై రెండేసి, మూలన నాలుగు, నలభై ఎనిమిది" అంది. 169 లోంచి 121 తీస్తే 48. నేను చెప్పని చోట, నేను ఇవ్వని లెక్కలో వాడింది. నా దృష్టిలో ఈ కేసులో గట్టి సాక్ష్యం ఇదే. పరీక్ష మార్కులు దీని తర్వాతే.

అదే వారం పది పెట్టి సరిచూసే పద్ధతి నన్ను ముంచింది. (క + 5)² కి ఆమె 2క² + 25 రాసి, పక్కన 'సరిచూశాను' అని టిక్కు పెట్టుకుంది. పది పెడితే 200 + 25 = 225, అటు 15 × 15 = 225. సరిపోయింది! రెండు నిమిషాలు నాకూ పాలుపోలేదు. తర్వాత వెలిగింది. క విలువ 10 అయితే 10క, క² ఒకటే. 10క ను వంద చేసి, వందను క² చేసి కలిపేసింది. 2 పెట్టొద్దని అంతగా చెప్పిన నేను, పదికీ ఇలాంటి గొయ్యి ఉంటుందని ఆలోచించలేదు. 3 పెట్టి చూడమన్నాను. 8 × 8 = 64, ఇటు 18 + 25 = 43. దొంగ దొరికాడు.

అప్పటి నుంచి రెండు సంఖ్యలతో చూడటం అలవాటు చేశాం. పరిమాణం, అంటే అన్నిటికంటే పెద్ద ఘాతాంకం, 2 మించని బహుపదులు మూడు వేర్వేరు విలువల దగ్గర సమానమైతే అవి ఒకటే అని గ్యారంటీగా చెప్పొచ్చు. రెండు సరిపోతే గ్యారంటీ లేదు, నమ్మకం మాత్రం పెరుగుతుంది. తొమ్మిదో తరగతికి ఆ గ్యారంటీ సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పాను. "మూడు చోట్లయితే ఎందుకు?" అని అడిగింది. పైతరగతుల్లో చూద్దువుగాని అన్నాను. టీచర్లు తప్పించుకునే మాట, తెలుసు.

తిరిగి ఎక్స్ దగ్గరికి

జనవరి చివరి వారంలో క, చ లను మానేసి ఎక్స్, వై లకు వచ్చాం. భయపడినంత ఏమీ కాలేదు. ఎక్స్‌ని వంకర తోకలతో రాయడం, గుణకారానికి చుక్క పెట్టడం లేదా బ్రాకెట్లు వాడటం నేర్పాను. ఈ చిన్న పని జూన్‌లోనే చేసి ఉండాల్సింది.

ఫిబ్రవరిలో మొదటి కాగితానికి జోడీగా ఇంకో పన్నెండు లెక్కలిచ్చాను, దాదాపు అదే రకం, వేరే అంకెలు. పది ఒప్పులు. అయితే నాకు ఎక్కువ ఆనందమిచ్చింది అందులో లేని లెక్క ఒకటి. యూనిట్ టెస్టులో (క + 5)² − (క − 3)(క + 3) ని సూక్ష్మీకరించమని ఇచ్చాం. మొదట 10క + 16 రాసి కొట్టేసింది. పక్కనే చిన్న అక్షరాలతో 225 − 91 = 134, కింద 116 అని ఉంది. తర్వాత క² − 9 చుట్టూ బ్రాకెట్ పెట్టి, మైనస్‌ను లోపలికి పంపి, 10క + 34 రాసింది. తప్పు చేసింది, పట్టుకుంది, దిద్దుకుంది. నవంబరు కాగితంలో కొట్టివేత ఒక్కటీ లేదని మొదట్లో చెప్పాను కదా. ఇందులో ఏడెనిమిది ఉన్నాయి.

తరగతిలో మిగతావాళ్ళకు ఇదంతా ఎలా చేయాలన్నది వేరే ప్రశ్న. ఒక అమ్మాయికి 22 అరగంటలు దొరికాయి, 40 మందికి దొరకవు. నేను మార్చుకున్నవి రెండే. తప్పు పక్కన సూత్రం రాయడం మానేసి "ఇదెలా వచ్చింది?" అని రాస్తున్నాను, జవాబు రాసుకొచ్చేదాకా మార్కు వేయను. హోల్ స్క్వేర్ పాటను సంవత్సరం మొదట్లో కాకుండా, పెట్టె గీసి పది లెక్కలు చేశాక, పిల్లలే "ప్రతిసారీ ఇలాగే వస్తోంది మేడం" అన్నాక పాడిస్తున్నాను. పాట మీద నాకు కోపమేం లేదు. పరీక్షలో టైమ్ మిగిల్చేది అదే.

ఆమెకింకా తెమలనిది ఒకటుంది. నెత్తి మీద అంకె ఎవరి నెత్తి మీద ఉందన్న సంగతి. మొదటి కాగితంలో (3క²)² కి 3క⁴ రాసింది చూశారు కదా, అది ఆ జోడీల సూత్రానికి లొంగని తప్పు. బ్రాకెట్ నెత్తి మీద ఉంటే మూట మొత్తాన్నీ రెండుసార్లు వేసి గుణించు అని, 3క² × 3క² = 9క⁴ దాకా తెచ్చాను. ఇప్పుడు అటు నుంచి ఇటు జారింది. ఫిబ్రవరి కాగితంలో తప్పిన రెండింటిలో ఒకటి 2క⁻³. దానికి 1/(2క³) అని రాసింది. −3 ఉన్నది క ఒక్కదాని నెత్తి మీదే, 2 కి దానితో సంబంధం లేదు, 2/క³ రావాలి. పది పెట్టి చూడమంటే రెండూ దశాంశాలు అయిపోయి, సున్నాలు లెక్కబెట్టలేక వదిలేసింది. ఈ వారం మళ్ళీ గింజల బోర్డు తీసి, మొదటి గడికి ఎడమ పక్కన ఇంకో నాలుగు గళ్ళు గీసి, సగం గింజ, పావు గింజ అంటూ మొదలుపెట్టాం.